సముద్రం పక్కన సిమెంటు పలకలకి ఏ మేకు?

ప్రశ్న: మాది లాసన్స్ బే కాలనీ. ఇంటి నుంచి బీచ్ రోడ్డుకి నడిస్తే అయిదు నిమిషాలు. డాబా మీద ఒక గది వేసుకున్నాం. రెండు వైపులా ఇటుక గోడలు. సముద్రం వైపు మాత్రం బరువు తగ్గుతుందని ఇనుప ట్యూబుల ఫ్రేము పెట్టించాం. జల్లు కొడితే ఇటుక గోడలు చెమ్మెక్కుతున్నాయి. అందుకని మూడు వైపులా బయట ఫైబర్ సిమెంటు పలకలు, ఒకదాని అంచు మీదకి ఇంకొకటి వచ్చేలా, వేయిద్దామనుకున్నాం. పలకలు వచ్చేశాయి: 10 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందం. ఇటుక గోడల మీద ముందు రీపర్లు, అంటే చెక్క బద్దలు, కొట్టాలట, అవింకా కొట్టలేదు. చిక్కంతా మేకుల దగ్గర వచ్చింది. మేస్త్రి పూర్ణా మార్కెట్ నుంచి మామూలు రెండంగుళాల మేకులు 3 కిలోలు తెచ్చి పెట్టాడు. ఫ్రేము చేసిన వెల్డింగు అబ్బాయి నల్ల స్క్రూలు చాలంటాడు. హ్యూస్టన్‌లో ఉన్న మా తమ్ముడు "ఎయిట్ డి హాట్ డిప్ కొట్టించు, లేదంటే స్టెయిన్‌లెస్, ఇంకేదీ వద్దు" అని ఫోన్లో ఒకటే పోరు. షాపులో ఎయిట్ డి అని అడిగితే నా మొహం చూశారు. స్టెయిన్‌లెస్ మేకుల కిలో ధర వింటే గుండె ఆగినంత పనైంది. ఎవరి మాట వినాలి? తెచ్చిన మేకులేం చెయ్యాలి?
— ఒక రిటైర్డ్ టీచరు, విశాఖపట్నం

సమాధానం: టీచరు గారూ, మీ తమ్ముడి మాటలో సగం తీసుకోండి, సగం వదిలేయండి. ఏ లోహం అన్నది ఆయన సరిగ్గానే చెప్పారు. ఏ సైజు అన్నది మాత్రం అక్కడి చెక్క ఇళ్లని దృష్టిలో పెట్టుకుని చెప్పారు. మీ మేస్త్రిది సరిగ్గా దీనికి ఉల్టా. సైజు కుదిరింది, లోహం తప్పింది. వెల్డింగు అబ్బాయి మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేయండి. ఎందుకో ముందుముందు చెబుతాను.

ముందు ఆ ఎయిట్ డి సంగతి తేల్చేద్దాం. ఇంగ్లండులో ఒకప్పుడు నూరు మేకులు ఎన్ని పెన్నీలో, ఆ సైజు మేకుకి ఆ పేరు. పెన్నీకి గుర్తు డి. అది రోమన్ల దినారియస్ నాణెం పేరులోని మొదటి అక్షరం. ఆ ధరలు పోయాయి, ఆ నాణేలూ పోయాయి, అమెరికాలో మేకుల పేర్లలో మాత్రం ఆ అక్షరం మిగిలింది. 6 డి అంటే 2 అంగుళాలు, 8 డి అంటే రెండున్నర, 10 డి అంటే 3. మన షాపులో అంగుళాలూ గేజీ (కాడ మందం) చెబితే చాలు. మొహం చూడరు.

ఇక లోహం సంగతి. మీ ఇంటి విషయంలో ఇదే అసలు ప్రశ్న. మేకు ఎంచేటప్పుడు అందరూ పలకని చూస్తారు. పలకతో అంత ఇబ్బంది లేదు. సిమెంటు, ఇసుక, చెక్క గుజ్జు పీచు కలిపి ఆవిరి ఒత్తిడిలో ఉడికించిన సరుకు అది. చెద పట్టదు, కుళ్లదు, మంటకి అంటుకోదు. పాతకాలం రేకుల్లో ఉండే ఆస్‌బెస్టాస్ ఇందులో ఉండదు. పాతికేళ్లు నిలబడే ఆ పలకని రెండు మూడేళ్లలో తుప్పు పట్టే మేకు మీద వేలాడదీస్తున్నాం, అక్కడొస్తుంది తంటా. ఉక్కు తయారుచేసే ఊరే కానీ, మన బీచ్ గాలికి ఇనుము మీద ఏమాత్రం దయ లేదు. డాబా మీద బట్టల తీగ కట్టిన కొక్కేన్నో, కిటికీ ఊచ మూలనో ఒక్కసారి చూడండి. మేకు సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు.

నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. చాలా ఏళ్ల కిందట పెదవాల్తేరులో మా బాల్కనీకి సిమెంటు బోర్డు సీలింగు వేయించాను. పనివాడు నల్ల స్క్రూలు వాడాడు. లోపల జిప్సం బోర్డుకి వాడేవే. నేను పక్కనే నిలబడి చూశాను, చేతికి అందించాను కూడా. రెండు వానాకాలాలు తిరిగేసరికి ప్రతి స్క్రూ చుట్టూ గోధుమరంగు మచ్చ. మూడోదానికి బోర్డు నిండా పాన్ ఉమ్మిన మెట్ల గోడలా తయారైంది. పైన పెయింటు వేయించాను. నెల తిరక్కుండా మచ్చలు మళ్లీ పైకి తేలాయి. తుప్పు ఊరికే ఉండదు. ఇనుము తుప్పు పడితే ముందున్నదానికంటే చాలా ఎక్కువ చోటు కావాలి దానికి. ఆ ఉబ్బుకి పెయింటు పొక్కులేస్తుంది, పలక అంచు దగ్గరైతే పెచ్చు కూడా లేస్తుంది. ఆ నల్ల రంగు ఫాస్ఫేటు పూత. ఏసీ గదిలో జిప్సం బోర్డుకి సరిపోతుంది, ఆరుబయటి వానకి కాదు. మీ వెల్డింగు అబ్బాయి చెబుతున్నది ఆ స్క్రూలే.

మేస్త్రి తెచ్చినవి మామూలు మేకులన్నారు, వాటికి పూత ఉందో లేదో రాయలేదు. పూత లేని ఇనుప మేకులైతే చర్చే లేదు. తళతళ మెరుస్తూ "జీఐ" (జింకు పూత వేసిన ఇనుము) అని రాసి ఉన్న డబ్బా అయితే అక్కడే మనం మోసపోతాం. జింకు పూత రెండు రకాలు. ఒకటి కరెంటుతో పట్టించేది. నున్నగా, వెండిలా మెరుస్తుంది. మందం 5 నుంచి 10 మైక్రాన్లు, అంటే తలవెంట్రుకలో పదో వంతు అనుకోండి. రెండోది కరిగిన జింకులో ముంచి తీసేది, హాట్ డిప్. ఇది చూడ్డానికి బాగోదు. బూడిదరంగు, గరుకుగా, అక్కడక్కడ జింకు ముద్దలు అంటుకుని ఉంటాయి. పూత సాధారణంగా 40 మైక్రాన్లు దాటుతుంది. మీ తమ్ముడు హాట్ డిప్ అని నొక్కి చెప్పింది ఇందుకే. షాపులో రెండు మేకులు పక్కపక్కన పెట్టి చూడండి, అందంగా ఉన్నది వదిలేసి అనాకారిది తీసుకోండి.

జింకు ఏం చేస్తుందో మీరు పిల్లలకి చెప్పే ఉంటారు. ఇనుము కంటే ముందు తాను పోతుంది, అలా ఇనుముని కాపాడుతుంది. మామూలు ఊళ్లలో జింకు పైన ఒక గట్టి పొర కట్టి, అది పోయే వేగం తగ్గిపోతుంది. ఉప్పు గాలిలో ఆ పొర నిలవదు. అందుకే ఒకే మేకు పెందుర్తిలో చాలాకాలం బతుకుతుంది, లాసన్స్ బేలో తొందరగా చస్తుంది. నా లెక్క ఇది: సింహాచలం, గోపాలపట్నం, పెందుర్తి వైపైతే మంచి హాట్ డిప్ చాలు. ఎంవీపీ కాలనీలో లోపలి వీధులైనా ఒప్పుకుంటాను, కొంచెం నసుగుతూ. బీచ్‌కి అర కిలోమీటరు లోపల, అంటే మీ ఇల్లు, రుషికొండ, సాగర్‌నగర్ ముందు వరసలు, భీమిలి ఒడ్డు, ఇక్కడ స్టెయిన్‌లెస్ తప్ప వేరే మాట లేదు.

స్టెయిన్‌లెస్ అన్నంత మాత్రాన అయిపోలేదు. 304 అని ఒక గ్రేడు, 316 అని ఇంకొకటి. 316లో మాలిబ్డినం అనే లోహం 2 నుంచి 3 శాతం కలుపుతారు. ఉప్పుకి తట్టుకునే శక్తి దానివల్లే వస్తుంది. మీకు 316 దొరికితే అదే కొనండి. దొరక్కపోతే ఇటుక గోడలకి 304 వాడుకోవచ్చు, సముద్రం వైపు గోడకి మాత్రం 316 కోసం వెతకండి. బజారులో 202 అని ఇంకో రకం ఉంది. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చవక రకం. మెట్ల రెయిలింగులకి ఎక్కువగా వాడేస్తుంటారు. మన ఒడ్డున ఆ రెయిలింగుల మీద గోధుమ చుక్కలు మీరు చూసే ఉంటారు. అది వద్దు.

అయస్కాంతం పెట్టి చూద్దాం అంటారు చాలామంది. పెట్టండి, కానీ దాన్నే నమ్ముకోకండి. 304, 316 రెంటికీ అయస్కాంతం అంటుకోదు, అంటుకున్నా మేకు తల దగ్గర లీలగా లాగుతుంది. అయితే 202 కూడా అంటుకోదు! అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే 304 కాదేమో అని అనుమానించాలి, పట్టకపోతే ఏదీ తెలియదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోవడం ఒక్కటే దారి. రాయనన్న షాపులో కొనకండి. పూర్ణా మార్కెట్లో దొరక్కపోతే హార్బర్ వైపు పడవల సామాను అమ్మేవాళ్లని అడగండి. వాళ్లతో ఉప్పునీళ్ల గురించి వివరించి చెప్పాల్సిన పని ఉండదు.

అల్యూమినియం మేకులు తుప్పు పట్టవు కదా అని ఎవరైనా సలహా ఇవ్వొచ్చు. సిమెంటులోని క్షారం తడి తగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది. వద్దనండి.

గుండె ఆగిన విషయానికి వద్దాం. కిలో ధర విని భయపడ్డారు. కిలోలు ఎన్ని కావాలో లెక్క వేశారా? మీరు గది కొలతలు రాయలేదు కాబట్టి 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గోడ ఒకటి తీసుకుందాం. 8 అంగుళాల పలకలో పై పలక కిందకి అంగుళం పావు పోతే బయటికి కనబడేది ఆరుముప్పావు. 120 అంగుళాల ఎత్తుకి 18 వరసలు. రీపర్లు 15 అంగుళాలకొకటి పెడితే 20 అడుగులకి 17 రీపర్లు. పద్దెనిమిది పదిహేడులు 306. పలకలు కలిసే చోట ఇటో మేకు అటో మేకు పడాలి కాబట్టి ఇంకో పాతిక, ముప్పై. మొత్తం 330 అనుకోండి. రెండంగుళాల 13 గేజి మేకులు కిలోకి సుమారు 500 తూగుతాయి. అంటే ఒక గోడకి ముప్పావు కిలో లోపే! వంగినవీ, కింద పడ్డవీ కలిపినా కిలో దాటదు. మీ రెండు ఇటుక గోడలకి 2 కిలోలు. మేస్త్రి 3 కిలోలు తెచ్చాడంటే బయట దొరికే మేకు చవక కాబట్టి చేతికొచ్చినంత తెచ్చాడు. ఇప్పుడు ఆ 2 కిలోల స్టెయిన్‌లెస్ ధరని పలకల బిల్లు పక్కన, మేస్త్రి కూలి పక్కన పెట్టి చూడండి. తుప్పు పట్టాక పలకలు విప్పి మళ్లీ బిగించాలంటే పరంజా ఖర్చు ఒక్కటే దీన్ని మించిపోతుంది. మూడో పెయింటు డబ్బాకి నాకు తెలిసొచ్చింది.

పై లెక్కలో రీపర్లు 15 అంగుళాలకి అన్నాను, గమనించారా? మీ తమ్ముడు 16 అంగుళాలు అంటారు, వాళ్ల కొలత అది. మీ పలక 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. 16తో భాగిస్తే ఏడున్నర వస్తుంది. అంటే పలక చివర రెండు రీపర్ల మధ్య గాలిలో వేలాడుతుంది, లేదా ప్రతి పలకనీ కోసుకోవాలి. 15 అయితే ఎనిమిదికి సరిగ్గా సరిపోతుంది. ఒక వరసలో అతుకు మధ్యలో వస్తే, పై వరస సగం పలకతో మొదలుపెట్టండి. 60 అంగుళాలు కూడా 15కి సరిపోతుంది, అతుకు మళ్లీ రీపరు మీదే పడుతుంది. కొట్టకముందే ఈ మాట మేస్త్రికి చెప్పండి.

ఇంకో మాట కూడా రీపర్లు కొట్టకముందే చెప్పాలి. బజారులో సాలు చెక్క రీపరు అంటే 2 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఇచ్చేస్తారు. మీకది చాలదు. ఎందుకంటే మేకు గట్టి చెక్కలో కనీసం అంగుళం, వీలైతే అంగుళం పావు దిగాలి. మీ పలకలు ఎక్కే చోట 8, 8 కలిపి 16 మిల్లీమీటర్లు. పలక ఏటవాలుగా కూర్చోవడం వల్ల వెనక కాస్త ఖాళీ, మధ్యలో వాన ఆపే పొర ఉంటే అదీ కలిపి మూడు మిల్లీమీటర్లు వేసుకోండి. రెండంగుళాల మేకులో ఇంకా 31 మిల్లీమీటర్లు మిగులుతుంది. చెక్కలో దిగడానికి అది చక్కగా సరిపోతుంది. కానీ రీపరు మందం 25 మిల్లీమీటర్లే అయితే? మేకు మొన వెనక ఇటుకకి తగులుతుంది. సుత్తి దెబ్బకి రీపరు వెనక్కి ఎగురుతుంది, మేకు వంగుతుంది, మేస్త్రి ఇంకా గట్టిగా కొడతాడు, పలక పగులుతుంది. అప్పుడు అందరూ పలకదే తప్పంటారు. అంగుళంన్నర మందం ఉన్న రీపరు తెప్పించండి, ఇబ్బంది ఉండదు. తమ్ముడు చెప్పిన రెండున్నర అంగుళాల మేకు అయితే ఈ రీపరునీ దాటి గోడలోకి పోతుంది. వాళ్లకి గోడంతా చెక్క ఫ్రేమే, మధ్యలో చెక్క షీటు కూడా ఉంటుంది, అందుకని వాళ్లకి పొడవు కావాలి.

రీపర్లు పచ్చిగా ఉంటే ఆరనివ్వండి. పచ్చి చెక్కలో కొట్టిన మేకు, చెక్క ఆరి ముడుచుకున్నాక వదులవుతుంది. చెదమందు పట్టించిన పైన్ చెక్క కొంటే మాత్రం జాగ్రత్త. ఆ మందుల్లో రాగి ఉంటుంది, మామూలు మేకులని, పల్చటి జింకు పూతని అది తినేస్తుంది. స్టెయిన్‌లెస్‌కి ఆ భయం లేదు.

మేకు ఆకారం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు కానీ తల ముఖ్యం. కాడ 13 గేజి, అంటే 2.3 మిల్లీమీటర్లు. తల అయిదున్నర మిల్లీమీటర్లకి తగ్గకూడదు. సన్న తల పిన్ మేకులు, ఫర్నిచర్‌కి వాడేవి, కనబడకుండా బాగుంటాయని మేస్త్రి అంటే ఒప్పుకోకండి. గాలి లాగినప్పుడు మేకు చెక్కలోనే ఉంటుంది, పలక తలని దాటుకుని ఊడొచ్చేస్తుంది. కాడ చుట్టూ గాట్లు ఉన్న మేకులు దొరికితే అదృష్టం. నున్నటి మేకు కంటే ఆ గాట్లు చెక్కని బాగా పట్టుకుంటాయి.

గాలి అన్నాను కాబట్టి. 2014 అక్టోబరు 12 మీకు గుర్తుండే ఉంటుంది, నేను హుద్‌హుద్ తుఫాను గురించి వైజాగ్ వాళ్లకి చెప్పేదేముంది. ఆ రోజు తరవాత భీమిలి రోడ్డులో ఒక డాబా చూశాను. గోడకి వేసిన పలకల్లో గాలి నేరుగా కొట్టిన వైపు చాలావరకు నిలబడ్డాయి. పక్క గోడ మూల నుంచి మొదలుపెట్టి వరసగా ఊడిపోయాయి. గాలి నెట్టడం కంటే లాగడం ఎక్కువ ప్రమాదం. గోడ మూలల దగ్గర ఆ లాగుడు మరీ ఎక్కువ. మన దేశంలో గాలి బరువులు చెప్పే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకి ఇచ్చిన ప్రాథమిక వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే 1500 న్యూటన్లు. సుమారుగా చదరపు మీటరుకి 150 కిలోల బరువు. మీ గోడలో ఒక్కో మేకు వాటాకి 15 అంగుళాలు, ఆరుముప్పావు అంగుళాల ముక్క వస్తుంది. అంటే ఒక్కో మేకు మీద 10 కిలోల బస్తా వేలాడినట్టు. మూలల్లో ఇంకా ఎక్కువ. కొత్త మేకు దీన్ని మోస్తుంది. అయిదేళ్లు ఉప్పు గాలి తిన్న, తల సగం కరిగిన మేకు మోస్తుందా?

అందుకే మీకు దాచి కొట్టే పద్ధతి వద్దంటాను. పలక పై అంచు దగ్గర మేకు కొట్టి, దాని మీదకి పై పలక దించితే మేకు కనబడదు, వాన తగలదు, అందంగా ఉంటుంది. మేకుకీ మంచిదే. కానీ పలక కింది అంచు స్వేచ్ఛగా ఉంటుంది, తుఫాను గాలి దాని కిందకి దూరుతుంది. మీ ఇంటికి పై పలక కింది అంచు మీద, రెండు పలకలూ కలిసి గుచ్చుకునేలా, పైకి కనబడేటట్టే కొట్టించండి. తలల మీద పెయింటు వేశాక వీధిలోంచి ఎవరికీ కనబడవు. కనబడినా ఫరవాలేదు, మన ఇల్లు మనం చూసుకోవాలి. పలకల కంపెనీ ఇచ్చిన బిగింపు కాగితం ఉంటుంది. దానిలో తుఫాను ప్రాంతాలకి వేరే లెక్క ఉంటే నా మాట పక్కన పెట్టి దాన్నే పాటించండి, వారంటీ కూడా దాని మీదే ఆధారపడుతుంది.

కొట్టేటప్పుడు మేకు పలక చివరి అంచు నుంచి కనీసం 10 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. పలక చివర్ల దగ్గర డ్రిల్లుతో సన్న రంధ్రం చేసి కొట్టమనండి, లేకపోతే మూల విరుగుతుంది. మేకు తల పలకని తాకి ఆగాలి. పలక చర్మం చిట్లి తల లోపలికి దిగిందంటే ఆ మేకు బలం పోయినట్టే. ఆ గుంతని బయట వాడే సీలెంటుతో పూడ్చి, పక్కన ఇంకో మేకు కొట్టించండి. చాలామంది మేస్త్రులకి ఇది నచ్చదు. "ఏటండీ అమ్మగారూ, బాగా దిగితేనే కదా గట్టిదనం" అంటారు. చెక్కకి చెక్క కొట్టేటప్పుడు నిజమే, ఇక్కడ కాదు.

వింతగా అనిపించే విషయం ఒకటి. వాన పడే చోట మేకు కంటే, సన్‌షేడ్ కింద వాన తగలని చోట మేకు ముందు తుప్పు పడుతుంది. వాన ఉప్పుని కడిగేస్తుంది. చూరు కింద ఉప్పు పేరుకుంటూనే ఉంటుంది, రాత్రి తేమకి తడుస్తుంది. కాబట్టి "ఇక్కడ వాన పడదు కదా, పాత మేకులు కొట్టేద్దాం" అన్న పొదుపు అసలు వద్దు. ఏడాదికి రెండుసార్లు ఆ చోట్లని మంచినీళ్ల పైపుతో కడిగించండి, వేసవి చివర ఒకసారి, తుఫాన్ల కాలం అయ్యాక ఒకసారి.

ఇక ఆ ఇనుప ఫ్రేము గోడ. అక్కడ మేకు అన్న మాటే లేదు. ట్యూబులోకి సుత్తితో మేకు దిగదు, దిగినా పట్టుకోదు. స్క్రూలే కావాలి. మొన దగ్గర డ్రిల్లు ఉండే సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు, వాటిలోనూ మొన పైన రెండు చిన్న రెక్కలున్న రకం అడగండి. ఆ రెక్కలు పలకలో రంధ్రాన్ని కాస్త వెడల్పు చేస్తాయి, ఇనుము తగలగానే విరిగిపోతాయి. పలక స్క్రూ మరచుట్ల మీదకి ఎక్కి పైకి లేవకుండా ఫ్రేముకి అంటుకుని కూర్చుంటుంది. పొడవు ఎంతంటే, బిగించాక ట్యూబు లోపలికి కనీసం మూడు మరచుట్లు దాటాలి.

ఇక్కడొక మెలిక ఉంది. 304, 316 మెత్తని లోహాలు, సొంతంగా ఇనుముని తొలుచుకోలేవు. స్టెయిన్‌లెస్ సెల్ఫ్ డ్రిల్లింగ్ అని షాపులో ఇచ్చేది చాలాసార్లు 410 గ్రేడు. గట్టిగా ఉంటుంది, అయస్కాంతం అంటుకుంటుంది, సముద్రం పక్కన తుప్పు కూడా పడుతుంది. దానికి బదులు ఒంటికి 316, మొనకి మాత్రం గట్టి ఉక్కు అతికించిన స్క్రూలు వస్తాయి, అవి దొరికితే సరే. దొరక్కపోతే ముందు డ్రిల్లు చేసి, 316 స్క్రూలు బిగించడమే. పని ఒక రోజు పెరుగుతుంది, పెరగనివ్వండి. డ్రిల్లు చేసిన ప్రతి రంధ్రం దగ్గరా ఫ్రేము పెయింటు పోతుంది, అక్కడ ట్యూబే తుప్పు పడుతుంది, స్క్రూ ఎంత మంచిదైనా. రంధ్రానికి జింకు ప్రైమరు అంటించి, స్క్రూకి చుక్క సీలెంటు పెట్టి బిగించమనండి. వెల్డింగు మచ్చలకీ అదే ప్రైమరు. ఫ్రేము మొత్తం పెయింటు అయ్యాకే పలకలు ఎక్కాలి, తరవాత వెనక్కి బ్రష్షు దూరదు.

ఆ అబ్బాయికి ఇంకో ఆంక్ష పెట్టండి. స్క్రూలు, మేకులు, పలకలు ఉన్న చోట గ్రైండరుతో ఇనుము కోయకూడదు. ఎగిరిన ఇనుప రవ్వలు స్టెయిన్‌లెస్ తలల మీద, పలకల మీద అంటుకుంటాయి. వారం తిరిగేసరికి ప్రతి రవ్వా ఒక తుప్పు చుక్క. అప్పుడు మీరు షాపువాడు మోసం చేశాడనుకుంటారు, పాపం అతని తప్పేమీ ఉండదు. తుప్పు సుత్తితో స్టెయిన్‌లెస్ మేకు కొట్టినా తల మీద టీ మరకలాంటి రంగు వస్తుంది. శుభ్రమైన సుత్తి తెచ్చుకోమనండి.

పలకలు కోసేటప్పుడు వచ్చే దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్ని శాశ్వతంగా పాడుచేస్తుంది. గ్రైండరుతో పొడిగా కోయనివ్వకండి. నీళ్లు చల్లుతూ కోయాలి, లేదా గట్టి బ్లేడుతో గీత పెట్టి విరవాలి. పనివాళ్లకి మంచి మాస్కులు మీరే కొనివ్వండి, వాళ్లు కొనుక్కోరు. మనవలు ఉంటే ఆ రెండు రోజులు డాబా ఎక్కనివ్వకండి.

పలకలు డాబా మీద ఎలా పెట్టారో మీరు రాయలేదు. నేలకి ఆనకుండా కింద చెక్కలు వేసి, పైన టార్పాలిన్ కప్పి ఉంచండి. తడిసిన పలకని బిగిస్తే ఆరాక ముడుచుకుని అతుకుల దగ్గర సందు తేలుతుంది. మధ్యలో వాన వస్తే రెండు రోజులు ఎండనిచ్చి పని మొదలుపెట్టమనండి.

చివరిది, ఆ 3 కిలోల మేకులు. విప్పని పొట్లాలు షాపువాడు వెనక్కి తీసుకుంటాడు, మేస్త్రినే పంపండి, తెచ్చింది ఆయనే కదా. విప్పినవి పడేయకండి, పరంజా చెక్కలకి ఈ వారమే పనికొస్తాయి. ఇంకా మిగిలితే డబ్బాలో వేసి మేడ మెట్ల కింద పెట్టండి. అయితే స్టెయిన్‌లెస్ డబ్బా పక్కన మాత్రం పెట్టకండి. పనివాడు తొందరలో చెయ్యి దేంట్లో పెడతాడో చెప్పలేం.